పాముల సామి ఊరికి రెండు కోసులు: ఇటలీలో ఒక కుటుంబాన్ని వెతికిన కేసు

మనుషులను వెతికిపెట్టే మా దగ్గరికి బొల్లారంలో ఉండే ఒక కుటుంబం తెచ్చిన కేసు ఇది. వాళ్ల తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి, 1980ల్లో పోయారు. పరాయి దేశంలో ఎవరో తనను కన్నకొడుకులా చూసుకున్నారని చివరిదాకా చెప్పేవారట. వాళ్లెవరు, వాళ్ల పిల్లలెవరైనా ఉన్నారా అన్నది ప్రశ్న. తేలడానికి 14 నెలలు పట్టింది. అందులో 5 నెలలు తప్పు దారిలో పోయాయి. అలాంటి కేసులు చేసేవాళ్లకు ఆ తప్పు దారే ఎక్కువ పనికొస్తుంది కాబట్టి దాని గురించి కాస్త వివరంగానే రాస్తున్నాం. కుటుంబం కోరిక మీద మనుషుల అసలు పేర్లు, ఇటలీలోని ఊరి పేరు ఇవ్వడం లేదు.

రేకుపెట్టెలో దొరికినవి నాలుగు: చెదలు సగం తిన్న డిశ్చార్జి సర్టిఫికెట్, రిబ్బన్ లేని నక్షత్రం పతకం, ఒక ఫోటో, అరచేతిలో ఇమిడే నోటుబుక్కు. ఫోటోలో తాతయ్య పక్కన ఒక తెల్లావిడ, పన్నెండేళ్లుండే ఆడపిల్ల, అయిదేళ్ల పిల్లాడు.

ఇంట్లో చెప్పుకునే కథ వేరు. తాతయ్య బర్మాలో పోరాడారు, ఆయనది హైదరాబాద్ రెజిమెంట్, ఆదుకున్నవాడి పేరు రికార్డో. మూడూ తప్పే. మూడు తరాలు చెప్పుకున్న కథలో ప్రేమ నిజం, భూగోళం అబద్ధం. ఇలాంటి కేసుల్లో ఇది మామూలే.

పతకంతో మొదలుపెట్టాం. ఆ యుద్ధపు స్టార్‌లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఆరు మొనల నక్షత్రమే. తేడా అంతా మధ్య వలయంలోని అక్షరాల్లో. చింతపండు పెట్టి తోమకుండా, భూతద్దంతో చదివితే ‘ఆఫ్రికా స్టార్’ అని ఉంది. అది 1940 జూన్ 10 నుంచి 1943 మే 12 వరకు ఉత్తర ఆఫ్రికా రంగంలో పనిచేసినవాళ్లకు ఇచ్చింది. బర్మాకు వేరే స్టార్ ఉంది, అది ఈ పెట్టెలో లేదు.

రెజిమెంట్ పేరు దగ్గర మన ఊళ్లో చాలామంది బోల్తా పడతారు. బ్రిటిష్ ఇండియా సైన్యంలో 19వ హైదరాబాద్ రెజిమెంట్ ఉండేది, కానీ యుద్ధకాలానికి అందులో ప్రధానంగా ఉత్తరాదివాళ్లే, కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. నిజాం సొంత సైన్యం హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్ వేరు. దాని 1వ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోటాబారు దగ్గర జపాన్ దాడిని ఎదుర్కొంది. ఈ తాతయ్య ఆ రెండింట్లోనూ లేరు. సర్టిఫికెట్‌లో మిగిలిన ముక్క మీద ‘క్యూ.వి.ఓ. మద్రాస్ ఎస్ అండ్ ఎమ్’ అని ఉంది. అంటే క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్, బెంగళూరు కేంద్రంగా ఉన్న ఇంజనీరు దళం. లష్కర్ (సికింద్రాబాద్), బొల్లారం అప్పట్లో బ్రిటిష్ కంటోన్మెంట్లు, అక్కడి కుర్రాళ్లు మద్రాసు దళాల్లో చేరడం వింతేమీ కాదు.

ఇక రికార్డో. ఫోటో వెనుక పైన ఉన్న మాట ‘రికోర్దో’. ఇటాలియన్‌లో దాని అర్థం జ్ఞాపకం, గుర్తు. మనం ‘ప్రేమతో’ అని రాసినట్టు వాళ్లు ఫోటో ఇచ్చేటప్పుడు రాసే మాట అది. మనుమలు దాన్ని మనిషి పేరనుకుని మూడేళ్లు ఫేస్‌బుక్‌లో రికార్డోలను వెతికారు.

ముందు సిపాయి, తరవాతే స్నేహితులు

ఎవరినో వెతకాలని వచ్చినవాళ్లకు మేము మొదట చెప్పే మాట, ముందు మీ తాతయ్యనే వెతకాలి అని. ఆయన ఏ తారీఖున ఎక్కడున్నాడో తెలియకుండా ఆయన కలిసినవాళ్లు దొరకరు.

ఆ శాపర్స్ దళానికి ఇప్పటి పేరు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, బెంగళూరులోని దాని రికార్డ్స్ ఆఫీసుకు వారసుల పేరున దరఖాస్తు పంపాం. సర్వీసు నంబరు, పేరు, తండ్రి పేరు, చేరిన ఊరు, వారసత్వ రుజువు ఉండాలి. పెన్షన్ లేని యుద్ధకాలపు సిపాయిల షీట్‌రోల్స్, అంటే సర్వీసు వివరాల పత్రాలు, చాలావరకు గడువు తీరాక తీసేశారు. ఆ సంగతి తెలియక ‘సర్వీసు రికార్డు ఇవ్వండి’ అని అడిగితే ‘అందుబాటులో లేదు’ అని ఒక్క లైను జవాబు వస్తుంది, ఫైలు మూసుకుంటుంది. లాంగ్ రోల్ అని వేరే పుస్తకం ఉంటుంది, అది శాశ్వతంగా ఉంచేది. దరఖాస్తులో ఆ మాట పేరు పెట్టి రాయాలి.

పేరు స్పెల్లింగ్ ఇంకో గండం. సైన్యం కాగితాల్లో మన ఇంటిపేరు కనబడదు, తండ్రి పేరే కనబడుతుంది. ‘ఎల్లయ్య’ లాంటి పేరుంటే గుమాస్తా చెవిని బట్టి అది వై తోనో, ఇ తోనో మొదలవుతుంది. చివరి ‘అయ్య’కు కనీసం నాలుగు రూపాలు. అన్ని రూపాలూ దరఖాస్తులోనే రాసిస్తే రెండోసారి తిరగక్కర్లేదు. నంబరు అసలే లేని కుటుంబాలు జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయంలో అడిగి చూడాలి. సిపాయో ఆయన భార్యో ఎప్పుడైనా సాయం కోసం దరఖాస్తు పెట్టుకుని ఉంటే అందులో నంబరు ఉంటుంది.

లాంగ్ రోల్ నుంచి చేరిన తేదీ, విడుదలైన తేదీ, తండ్రి పేరు ఖాయమయ్యాయి, అంతే. మధ్యలో ఏం జరిగిందో నోటుబుక్కు చెప్పాలి.

నోటుబుక్కు చదవడం

పెన్సిలు రాత, ఎనభై ఏళ్ల చెమట. ఇంట్లోవాళ్లు లామినేషన్ చేయిద్దామనుకున్నారు, ఆపాం. వేడి తగిలాక ఆ కాగితాన్ని మళ్లీ విడదీయలేం. 600 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేసి, మసకబారిన పేజీలను చీకటిగదిలో సెల్‌ఫోన్ టార్చి కాగితానికి దాదాపు ఆనించి పక్కనుంచి వేసి ఫోటోలు తీశాం. సీసం చెరిగినా పెన్సిలు మొన నొక్కిన గాడి ఉంటుంది, ఏటవాలు వెలుగులో అది నీడగా కనబడుతుంది.

రాత తెలుగులో, మధ్యమధ్య సైన్యం నేర్పిన రోమన్ ఉర్దూలో ఉంది. అంకెలు మాత్రం తెలుగు అంకెలు. ‘పి.జి. ౯౧’ అని రెండుచోట్ల ఉంటే, తెలుగు అంకెలు ఎన్నడూ నేర్వని మనుమలు దాన్ని ఏదో పొట్టి సంతకం అనుకున్నారు. ౯౧ అంటే 91. ‘పి.జి.’ ఇటాలియన్‌లో యుద్ధఖైదీ అన్నదానికి పొడి అక్షరాలు, ఖైదీల శిబిరాల నంబర్లకు ముందు రాసేవి. 91వ శిబిరం అవెజ్జానోలో ఉండేది, అబ్రుజ్జో ప్రాంతం, రోముకు తూర్పున. భారతీయ ఖైదీలను ఉంచిన శిబిరం అది. అంతకు ముందు పేజీలో ‘తోబ్రూకులో జెండా దించిరి’ అన్న వాక్యం ఉంది. టోబ్రుక్ 1942 జూన్ 21న జర్మన్ల చేతికి చిక్కింది, 11వ భారత బ్రిగేడ్ కూడా అక్కడ ఖైదైంది. రెండు పేజీలు కలిపితే ఆఫ్రికా నుంచి ఇటలీ దాకా దారి తేలిపోయింది.

లండన్ దగ్గర క్యూలోని బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో యూనిట్లు రోజువారీగా రాసిన యుద్ధ డైరీలు ఉంటాయి: మధ్యప్రాచ్య దళాలవి డబ్ల్యూఓ 169 అనే వరుసలో, ఇటలీ రంగానివి డబ్ల్యూఓ 170లో, బర్మా వైపువి డబ్ల్యూఓ 172లో. ఈ కేసులో వాటి మీద డబ్బు పెట్టలేదు. యూనిట్ మొత్తం పట్టుబడినప్పుడు ఆఖరి నెల డైరీ కూడా చాలాసార్లు దానితోపాటే పోతుంది. పైగా ఖైదీ అయ్యాక మనిషి తన యూనిట్ డైరీలో ఉండడు.

1943 సెప్టెంబరు 8న ఇటలీ మిత్రరాజ్యాలకు లొంగిపోయినట్టు ప్రకటించింది. కాపలావాళ్లు చెదిరిపోయారు, జర్మన్లు వచ్చేలోపు వేలమంది ఖైదీలు కొండలెక్కారు. వాళ్లను దాచి తిండి పెట్టింది అక్కడి రైతులు, గొర్రెలకాపరులు. దొరికితే శిక్ష మరణం. అన్వెర్సా దెల్యి అబ్రుజ్జి ఊరి గొర్రెలకాపరి మికేలె దెల్ గ్రేకోను ఖైదీలకు సాయం చేసినందుకు 1943 డిసెంబరు 22న సుల్మోనాలో కాల్చిచంపారు. అందుకే అలాంటి నోటుబుక్కుల్లో ఇంటిపేరు, ఊరిపేరు ఉండవు. పుస్తకం పట్టుబడితే ఇల్లే తగలబడుతుంది. ఊరి పేరు లేదని సిపాయి నిర్లక్ష్యాన్ని తిట్టుకోనక్కర్లేదు, అది జాగ్రత్త.

ఉన్నవి మాటలు. ‘పానె – రొట్టె. ఆక్వ – నీళ్లు. తెదెస్కి – జర్మనోళ్లు. స్కప్ప – ఉరుకు.’ చివర్లో ‘కుంచెత్త’, ‘పెప్పీను’, ‘లుఫెర్రార’. ఇంకో పేజీలో ‘అవెత్సానో నుంచి రెండు రాత్రులు, పొద్దుపొడుపు దిక్కు’, దాని కింద ‘పాముల సామి ఊరికి రెండు కోసులు’.

ఇక్కడ తెలుగు లిపి చేసిన మేలు చెప్పాలి. ఇంగ్లిష్‌లో రాసుకున్న సిపాయిల పుస్తకాల్లో ఇటాలియన్ పేర్లు గుర్తుపట్టలేనంతగా విరుగుతాయి. తెలుగులో రాస్తే ద్విత్వాలు నిలుస్తాయి, పదం చివరి అచ్చు నిలుస్తుంది, ‘ట’కు ‘త’కు తేడా నిలుస్తుంది. అవెజ్జానోను అక్కడివాళ్లు నిజంగానే ‘అవెత్సానో’ అన్నట్టు పలుకుతారు. మనవాడు విన్నది విన్నట్టు రాశాడు, మ్యాపు చూసి రాయలేదు. అబ్రుజ్జో యాసలో పదాంతం అచ్చు నలుగుతుంది, మధ్యలో ‘ఒ’ ఒక్కోసారి ‘ఉ’ అవుతుంది. కాబట్టి ‘కుంచెత్త’ కాగితం మీద కొంచెత్తా, ‘పెప్పీను’ పెప్పీనో. పెప్పీనో కూడా అసలు పేరు కాదు, జుసెప్పే అన్నదాని ముద్దుపేరు. రికార్డుల్లో పెప్పీనో కోసం వెతికితే దొరకడు.

అయిదు నెలలు ఎక్కడ పోయాయి

‘లుఫెర్రార’ను మేము ఇంటిపేరనుకున్నాం. ఫెర్రారా ఇటలీలో నిజంగా ఉన్న ఇంటిపేరే, ముందున్న ‘లు’ ఏదో పెన్సిలు జారుడనుకున్నాం. ఇటలీ టెలిఫోను డైరెక్టరీ పజినెబియాంకెలో, పౌర రిజిస్టర్ల చిత్రాలను ఉచితంగా చూపే అంతెనాతి పోర్టల్‌లో ఆ ఇంటిపేరు పట్టుకుని ఆ జిల్లా అంతా గాలించాం. దొరికిన ఫెర్రారాలకు ఉత్తరాలు రాశాం. ఇద్దరు మర్యాదగా ‘మేము కాదు’ అన్నారు, మిగతావాళ్లు పలకలేదు.

తప్పు ఎక్కడంటే, ‘లు’ జారుడు కాదు. అబ్రుజ్జో యాసలో అది పేరు ముందొచ్చే చిన్న మాట. ‘లు ఫెర్రారె’ అంటే కమ్మరి. ఆ కొండ ఊళ్లలో ఒక్కో ఊరికి మూడు నాలుగు ఇంటిపేర్లే ఉండడం కద్దు. అందుకని ఇళ్లను వేరుచేసేది ‘సొప్రన్నోమె’, అంటే ఊరు పెట్టిన పేరు. మన ఊళ్లలో కమ్మరోళ్లు, మోటబావోళ్లు అంటామే, అచ్చం అదే. అది ఏ ప్రభుత్వ రిజిస్టరులోనూ ఉండదు, ఊరి నోట్లో మాత్రమే ఉంటుంది. సిపాయికి తెలిసేది ఊరి నోరే కదా. తెలుగు ఊరి వాసన తెలిసిన మాకు ఇది మొదటిరోజే తట్టవలసింది.

దాంతో పేరు వదిలి ఊరు పట్టుకున్నాం. ‘పాముల సామి’ అంటే ఇంటి దగ్గరి నాగులగుడి గురించి రాసుకున్నారని కుటుంబం అనుకుంది. కాదు. అవెజ్జానోకు తూర్పున, సుల్మోనా దారిలో కొకూల్లో అనే ఊరుంది. అక్కడ సాన్ దొమీనికో విగ్రహానికి బతికున్న పాములను చుట్టి ఊరేగిస్తారు. ఇప్పుడు మే 1న చేస్తారు, పూర్వం మే నెల మొదటి గురువారం చేసేవాళ్లు. ఇలాంటిది ఒక్కసారి విన్న తెలుగువాడు మరిచిపోతాడా! దగ్గర్లోని విలలాగో ఊళ్లోనూ సాన్ దొమీనికోను కొలుస్తారు కాబట్టి సాధువు పేరు ఒక్కటే చాలదు, పాములే గుర్తు.

కోసు అంటే లెక్కకు రెండు మైళ్లు. కొండదారిలో కోసు దూరం కాదు, నడక సమయం. అందుకని 6, 7 కిలోమీటర్ల దగ్గర ఆగకుండా కొకూల్లో చుట్టూ 10 కిలోమీటర్ల వలయం గీశాం. అందులో పడిన అయిదు కొమూనెలకు, అంటే ఊరి పాలనా యూనిట్లకు, ఒకటే ఉత్తరం పంపాం.

ఉత్తరం

పోయింది కొమూనె ఆఫీసుకు ఒకటి, చర్చి ఫాదరీకి ఒకటి, ప్రొలోకో సంఘానికి ఒకటి. ప్రొలోకో అంటే పండగలూ ఊరి ముచ్చట్లూ చూసుకునే స్థానిక సంఘం, చాలా ఊళ్లలో ఉంటుంది. జవాబొచ్చేది ఎక్కువగా అక్కడినుంచే. ఇలాంటి ఉత్తరానికి కొమూనె ఆఫీసు బతికున్న మనిషి చిరునామా ఇస్తుందని ఆశ పెట్టుకోలేం. అందుకే చిరునామా అడగకూడదు. ‘ఈ ఉత్తరం వాళ్లకు చేర్చగలరా’ అని మాత్రమే అడగాలి. ఆఫీసుల్లో పీఈసీ అనే ధ్రువీకృత ఈమెయిలు పెట్టె ఉంటుంది. మన మామూలు జీమెయిల్ నుంచి పంపితే అది చాలాసార్లు లోపలికి రానివ్వదు, కాబట్టి మామూలు చిరునామా వెతికి పంపాలి.

ఉత్తరం ఒక్క పేజీ, పెద్ద అక్షరాలు, పూర్తిగా ఇటాలియన్. మొదట మెషిన్ అనువాదం ప్రయత్నించాం. తెలుగు నుంచి ఇటాలియన్‌కు పోయేసరికి ‘అమ్మానాన్నల్లా చూసుకున్నారు’ అన్నది ‘తల్లిదండ్రులను పర్యవేక్షించారు’ అయింది. చివరికి ఇటాలియన్ చదివిన మనిషితో రాయించాం. ఆ పని తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో దొరుకుతారు. మూడో వాక్యంలోనే ‘డబ్బు, ఆస్తి, పత్రం ఏదీ అడగడం లేదు’ అని రాయించాం. ఎక్కడో ఇండియా నుంచి తాతల కాలం ప్రస్తావనతో ఉత్తరం వస్తే ఏ ఇంటికైనా ముందు కలిగేది భయమే. జవాబుకు వాట్సాప్ నంబరు ఇచ్చాం, పెద్దవాళ్లు రాయకపోయినా మాట్లాడి పంపగలరు.

ఆగస్టులో ఆఫీసులకు రాయడం వృథా, 15వ తేదీ ఫెర్రగోస్తో చుట్టూ ఇటలీ మూతపడుతుంది. కానీ కెనడాకు, బెల్జియంకు, ఆస్ట్రేలియాకు వలసపోయినవాళ్లు ఊరికి వచ్చేది ఆ నెలలోనే. అందుకని ఫోటోను ‘సెయి ది... సె’, అంటే ‘నువ్వు ఫలానా ఊరివాడివైతే’, అన్న తరహా ఫేస్‌బుక్ గుంపుల్లో ఆగస్టు మొదటివారంలోనే పెట్టించాం. ఫోటో మొత్తం పెట్టలేదు, ఛాతీ పైభాగం వరకే కత్తిరించి పెట్టించాం. కారణం కింద ఉంది.

ఇంకో జాగ్రత్త, ఉత్తరం పోకముందే తీసుకోవలసింది. అక్కడ తాతయ్య సంతానం ఉన్నట్టు తేలితే తెలుసుకోవాలా వద్దా అని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడిగి, సంతకాలు తీసుకున్నాం. ఈ కేసులో ఆ అవసరం రాలేదు. కానీ తేలాక అడిగే ప్రశ్న కాదది.

నిర్ధారణ

ప్రొలోకో నుంచి పదో రోజు జవాబొచ్చింది: ‘లు ఫెర్రారె ఇల్లు మాకు తెలుసు, కొడుకు ఉన్నాడు.’ ఫోటోలోని అయిదేళ్ల పిల్లాడే, ఇప్పుడు ఎనభై దాటిన పెద్దాయన. ఇంటిపేరు ఫెర్రారాకు ఏ మాత్రం దగ్గరగా లేదు.

కుటుంబం ఎగిరి గంతేసింది, మేము ఆగమన్నాం. ఆ కొండల్లో ఖైదీలను దాచిన ఇళ్లు చాలా ఉన్నాయి. ‘మా ఇంట్లోనూ ఒక ఇండియన్ ఉండేవాడు’ అన్న మాట పది ఊళ్లలో నిజం. కాబట్టి దాచిపెట్టిన మూడు సంగతులు అడిగించాం. పిల్లాడి చొక్కాకు ఏముంది? ఇండియన్ ఊళ్లో ఏం బాగుచేశాడు? ఫోటో ఎక్కడ తీశారు? మొదటిదానికి ‘సైన్యం బొత్తం, ఆయనే కుట్టాడు’ అన్నాడు. సరిపోయింది, ఫోటో కత్తిరించింది ఆ బొత్తం కనబడకుండా ఉండటానికే. రెండోదానికి ‘బావి గిలక’ అన్నాడు, నోటుబుక్కులో ఉన్నదీ అదే. మూడోది తప్పు చెప్పాడు, ఇంటి ముందు అన్నాడు. వెనుక ముద్ర సుల్మోనా స్టూడియోది. అయిదేళ్లవాడి జ్ఞాపకం అది, మూడూ సరిగ్గా చెప్పి ఉంటేనే మాకు అనుమానం వచ్చేది.

ఫోటో తేదీ కూడా సాక్ష్యమే. ఇంట్లోవాళ్లు ‘7-1-44’ అని చదివారు. జనవరిలో అక్కడ జర్మన్లున్నారు, దాక్కున్న ఖైదీ బజారులో స్టూడియోకు పోతాడా? యూరప్ చేతిరాతలో 1కి పొడుగాటి తోక ఉండి మన 7లా కనబడుతుంది, 7కి నడుమ అడ్డగీత ఉంటుంది. గీత రెండో అంకెకు ఉంది. అది 1-7-44, జులై 1. జూన్‌లో ఆ ప్రాంతం విడుదలైంది.

కాగితపు రుజువు చివర్లో వచ్చింది. ఖైదీలకు సాయం చేసిన ఇటాలియన్లకు పరిహారం ఇవ్వడానికి మిత్రరాజ్యాలు అలైడ్ స్క్రీనింగ్ కమిషన్ పెట్టాయి. దాని ఫైళ్లు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో, మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో, 331వ రికార్డ్ గ్రూపులో ఉన్నాయి. వాటిని సిపాయి పేరుతో వెతకడం కష్టం. సాయం చేసినవాళ్ల పేరు, కొమూనె తెలిస్తే దారి సులువు. అంటే ఈ తాళం ఆఖర్నే తెరుచుకుంటుంది, మొదట్లో దాని మీద డబ్బు పోయవద్దు. కమ్మరి పేరున ఫైలు ఉంది. ఇచ్చిన సాయం: రొట్టె, బంగాళాదుంపలు, ఒక కోటు, తొమ్మిది నెలలు. సాయం పొందినవాడి పేరు ఇటాలియన్ చెవికి వినబడినట్టు రాసి ఉంది. బిగ్గరగా చదివితే తాతయ్య పేరే.

పెద్దాయన ఇంటి గోడకు ఫీల్డ్ మార్షల్ అలెగ్జాండర్ పేరుతో ఇచ్చిన ధన్యవాద పత్రం ఇంకా ఉంది. అక్క కొంచెత్తా పెళ్లయ్యాక కెనడా వెళ్లి అక్కడే పోయింది. ఆమెను వెతకడానికి భర్త ఇంటిపేరు అక్కర్లేకపోయింది, ఇటలీ రికార్డుల్లో ఆడవాళ్లు పుట్టింటి పేరుతోనే ఉంటారు. బొల్లారం, అబ్రుజ్జో ఇళ్లు ఇప్పుడు వీడియోలో మాట్లాడుకుంటున్నాయి, ఒకరి భాష ఒకరికి రాకుండానే.

ఒక ముడి మిగిలింది. కమ్మరి ఫైలులో సాయం పొందినవాళ్లు ఇద్దరని ఉంది. నోటుబుక్కులో రెండోవాడు ‘తంబి’ మాత్రమే. మద్రాస్ శాపర్స్‌లో అందరూ తంబిలే, అది పేరు కాదు. ఫైలులో రెండో పేరు ‘సమి’ అన్నట్టుంది, స్వామితో ముగిసే ఏ పేరైనా కావచ్చు. యుద్ధంలో చనిపోయాడేమోనని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో దళం పేరు, 1943 సెప్టెంబరు తరవాతి తేదీలు, ఇటలీ పెట్టి చూశాం. సరిపోయే తోకతో కొన్ని పేర్లు వచ్చాయి, ఖైదీ అని ఏ ఒక్కదానికీ లేదు. పెద్దాయనకు అతను గుర్తున్నాడు. ఎడమచేత్తో తినేవాడట, మంచు కురవడం మొదలైన రాత్రి తూర్పు కొండ వైపు వెళ్లిపోయాడట.